చిన్న చేపకు ఈక గాలం: బ్రూక్షాబాద్ నీళ్లలో చెల్లుతుందా?

అండమాన్‌లో గాలం వేట అనగానే అందరికీ తోచే బొమ్మ ఒకటే. మరబోటు మీద ఇద్దరు మనుషులు కష్టపడి ఎత్తి పట్టుకున్న రాకాసి పార చేప, వెనక నీలం సముద్రం. ఆ వేటకు బోటు అద్దె కావాలి, విదేశీ కర్ర కావాలి, చేతిలో డబ్బు ఆడాలి. పోర్ట్ బ్లెయిర్ శివారున ఉన్న బ్రూక్షాబాద్‌లో సాయంత్రం కాస్త తీరిక దొరికిన మనిషికి అవేవీ అందవు. (2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది, జనం నోట ఇంకా పాతపేరే ఆడుతోంది.) అతనికి అందేవి కాలువ, కుంట, మడ అడవి అంచు, నీరు తీసినప్పుడు బయటపడే రాళ్లు. వాటిలో ఉండేవి అరచేయంత చేపలు.

అమెరికాలో సరిగ్గా ఈ అరచేయంత చేపల చుట్టూనే ఒక పెద్ద వేట సంప్రదాయం అల్లుకుంది. బ్లూగిల్, పంప్కిన్‌సీడ్, రెడ్‌ఇయర్, క్రాపీ, పసుపు పెర్చ్: అన్నీ చెరువుల్లో, నెమ్మదిగా పారే నీళ్లలో దొరికే చిన్న జాతులు. వాటిని తేలిక కర్రతో, ఈకలు కట్టిన కొక్కెంతో పట్టడం అక్కడ పిల్లలకు తొలిపాఠం, ముసలివాళ్లకు కాలక్షేపం. ఆ వేట మన నీళ్లకు పనికొస్తుందా? విద్యగా ఒకసారి, చేపల శాస్త్రంగా ఒకసారి, నీతిగా ఒకసారి చూస్తే తప్ప జవాబు తేలదు. నా మాట ముందే చెప్పేస్తాను. బ్లూగిల్‌ను ఇక్కడికి తేకూడదు, తేవలసిన అవసరమూ లేదు. అయితే బ్లూగిల్ వేటగాళ్లు చేతులు కాలాక నేర్చుకున్న లెక్క ఒకటుంది. అది మాత్రం మనకు ఇప్పుడే కావాలి.

బరువంతా దారంలోనే

మామూలు గాలానికి సీసపు గుండు కడతాం. విసిరినప్పుడు ఆ బరువే సన్నని తంగూసును లాక్కుపోతుంది. ఈక గాలానికి బరువే ఉండదు. చిన్న కొక్కానికి కోడి ఈకలు, ఉన్ని, రెండు రబ్బరు కాళ్లు కట్టి పురుగులా కనబడేట్టు చేస్తారు. దాన్ని ఊరికే విసిరితే రెండు గజాలు పోదు. అందుకని బరువును దారంలోనే పెట్టారు. లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉండే ఆ దారాలకు నంబర్లుంటాయి. నాలుగో నంబరు దారం మొదటి 30 అడుగులు తూస్తే 120 గ్రెయిన్లు, అంటే 8 గ్రాములకు కాస్త తక్కువ. కర్రను వెనక్కి లాగి, దారం వెనకవైపు పూర్తిగా చాచుకునేదాకా ఆగి, కొరడా ఝళిపించినట్టు ముందుకు కొట్టి ఆపాలి. అప్పుడు దారం గాలిలో చుట్ట విప్పుకుంటూ పోతుంది. కొత్తవాళ్లు తడబడేది ఆ ఆగడం దగ్గరే. తొందరపడితే దారమంతా నెత్తిమీద కుప్పపడుతుంది. చిన్న చేపలకు మూడు నుంచి ఐదో నంబరు దారం, ఏడు నుంచి తొమ్మిది అడుగుల కర్ర, ఎనిమిది నుంచి పన్నెండో నంబరు కొక్కెం సరిపోతాయి. కొక్కేల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. అదే రాకాసి పారకు పన్నెండో నంబరు దారం, దానికి తగ్గ కర్ర ఉండాలి. ఖర్చులో తేడా అక్కడే మొదలవుతుంది.

బెండు తలతో చేసే పురుగును పాపర్ అంటారు. అది నీటి మీద పడగానే చుట్టూ వలయాలు లేస్తాయి. అవి చెరిగిపోయేదాకా కదపకూడదు. అప్పటికే కింద బ్లూగిల్ వచ్చి ఉంటుంది. పక్కరెక్కలు ఆడిస్తూ ఉన్నచోటే నిలిచి, పురుగు వైపే చూస్తుంటుంది. కర్ర కొనను ఒక్క అంగుళం కదిపితే రబ్బరు కాళ్లు వణుకుతాయి. వెంటనే చిన్న చప్పుడు వినిపిస్తుంది. బ్లూగిల్ కొరకదు, పీలుస్తుంది. చిన్న నోటిని ఒక్కసారిగా తెరిచి ముందున్న నీటితో పాటు మేతను లోపలికి లాగుతుంది. తేడా తెలిస్తే అంతే వేగంగా ఊసేస్తుంది. ఎర్రను గుచ్చిన గాలాన్ని అది మింగే దాకా పోవచ్చు, ఈకను మాత్రం మింగదు. అందువల్ల ఈక గాలం చాలాసార్లు పెదవికే తగులుతుంది. ఈ చిన్న సంగతికి ఎంత విలువుందో చేపను వదిలే దగ్గర తెలుస్తుంది.

పాతవాళ్లు రాసి ఉంచినవి

ఈక గాలం కొత్త విద్య కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఈలియన్, మాసిడోనియా నదిలో ఎర్ర ఉన్నీ కోడిపుంజు ఈకలూ చుట్టిన కొక్కెంతో చుక్కల చేపలు పట్టడం వర్ణించాడు. ఇంగ్లండ్‌లో 1496లో అచ్చయిన గాలం గ్రంథం పన్నెండు రకాల ఈక పురుగులను చెప్పింది. 1653లో ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చాక అది పెద్దమనుషుల వినోదంగా స్థిరపడింది. జపాన్ కొండవాగుల్లో టెంకారా అనే పద్ధతి మరీ సాదాది. దానికి చక్రం ఉండదు. పొడవాటి కర్ర కొనకే దారం కట్టి, దాని చివర ఒక్క ఈక పురుగు పెడతారు. టెంకారా కర్రకూ మన వెదురు గాలంకర్రకూ తేడా చాలా తక్కువ.

మనవైపు కూడా రాతకోతలు లేకపోలేదు. నేటి తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్యుల రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో మానసోల్లాసం కూర్చాడు. అందులో మత్స్యవినోదం ఒక ప్రకరణం. ఏ జాతి చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ మేత వేసి మరిగించాలి, కర్రా దారమూ ఎలా ఉండాలి అన్నవి రాజు స్వయంగా చెప్పుకొచ్చాడు. అప్పటికి యూరప్‌లో గాలం మీద అంత వివరంగా రాసిన పుస్తకాలు అరుదు. తర్వాత మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. నదుల్లోని మహసీర్ చేప పేరు మోగించింది ఆ పుస్తకమే. కానీ 1887లో అతను చెరువుల గాలం కోసం విడిగా 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' కూడా తెచ్చాడు. చెరువులకు పేరుపడ్డ తెలుగు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో అది జరగడం సహజమే.

ఈ పుస్తకాలన్నీ రాజుల, దొరల, తీరిక ఉన్నవాళ్ల వేట చుట్టూనే తిరుగుతాయి. వెదురుబద్దకు తంగూసు కట్టి, నెమలీక కాడను బెండుగా పెట్టి, గట్టు తవ్వి తీసిన ఎర్రలతో పరిగెలు పట్టే పిల్లల విద్య వాటిలో కనిపించదు. "ఏరా, ఎన్ని పడ్డాయి?" అని దారిన పోయేవాళ్లు అడిగితే కొబ్బరాకు ఈనెకు గుచ్చిన చేపలు చూపించే ఆ వేటకు ఎవరూ శాస్త్రం కట్టలేదు. అమెరికాలో బ్లూగిల్‌కు పట్టిన అదృష్టం మన పరిగెకు పట్టలేదు.

బ్లూగిల్ నేర్పిన లెక్క

బ్లూగిల్ సొంత ఊరు ఉత్తర అమెరికా తూర్పు, మధ్య భాగాలు. మొప్ప మూత చివర నల్లని మచ్చ దాని గుర్తు. మామూలుగా జానెడు లోపే ఉంటుంది. 1950లో అలబామాలోని కెటోనా సరస్సులో పట్టిన 4 పౌండ్ల 12 ఔన్సుల చేప ఇప్పటికీ రికార్డు. నీళ్లు వెచ్చబడగానే మగచేపలు లోతు తక్కువ చోట తోకతో ఇసుక ఊడ్చి, పళ్లెమంత గుంటలు చేస్తాయి. ఇలాంటి గుంటలు పదులకొద్దీ పక్కపక్కనే ఉంటాయి. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లకు గాలి ఆడేలా రెక్కలు విసురుతూ, దగ్గరికొచ్చిన దాన్నల్లా తరుముతూ కాపలా కాసేది మగదే.

కెనడాలోని ఒపినికన్ సరస్సులో మార్ట్ గ్రాస్ చేసిన పరిశోధన ఈ కథకు ఇంకో మలుపు చూపించింది. అక్కడ కాపలా కాసే మగచేపలు ఈడుకొచ్చేది ఏడేళ్లకు. ఇంకో రకం మగచేపలు రెండేళ్లకే ఈడుకొస్తాయి. అవి గూడు కట్టవు. చిన్నప్పుడు సందు చూసి దూరతాయి, కాస్త పెరిగాక ఆడచేప వేషం వేసుకుని గూటిలోకి చొరబడతాయి. గుడ్లకు తండ్రులవుతాయి, కాపలా మాత్రం పెద్ద మగదానికి వదిలేస్తాయి.

వేటగాడి పని ఇక్కడ చెడుతుంది. గూటి దగ్గర కాపలా కాసే పెద్ద మగచేప దేని మీదికైనా దూకుతుంది, కనుక పట్టడం సులువు. ఏటా గుడ్ల కాలంలో పెద్దవాటినే ఏరి తీసుకుపోతే మిగిలిన మగచేపలు పెరగకుండానే ఈడుకొస్తాయి. ఒంటికి పట్టాల్సిన బలం సంతానానికి పోతుంది. కొన్నేళ్లకు చెరువు నిండా వేలెడంత చేపలే మిగులుతాయి. చెరువులో చేపల సంఖ్య తగ్గదు కాబట్టి నష్టం ఎవరి కంటా పడదు. చిన్న చేపకు హద్దెందుకు అనుకున్న రాష్ట్రాలు ఈ మధ్యే తేరుకున్నాయి. మినెసోటాలో బ్లూగిల్ లాంటి సన్‌ఫిష్‌కు మామూలు హద్దు రోజుకు 20 కాగా, పెద్ద చేపలు ఇంకా మిగిలి ఉన్న కొన్ని సరస్సుల్లో దాన్ని 10కో 5కో దించారు. టెక్సాస్‌లో బ్లూగిల్‌కు రాష్ట్రవ్యాప్త హద్దు లేదు. అక్కడ పదిహేడేళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, రాష్ట్ర పార్కుల్లో ఒడ్డు నుంచి వేస్తే పెద్దలకూ అక్కర్లేదు. డల్లాస్, హూస్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలు మొదటి చేప పట్టడానికి అదే దగ్గరి దారి.

పరాయి చేప తెచ్చే తంటా

మంచి వేటచేప కదా, తెచ్చి వేసుకుంటే పోలా అనే ఆలోచన ఎక్కడైనా పుడుతుంది. జపాన్‌లో పుట్టింది. 1960లో అమెరికా వెళ్లిన యువరాజు అకిహితోకు షికాగో మేయర్ రిచర్డ్ జె. డేలీ బ్లూగిల్ చేపలు కానుకిచ్చారు. పెంచి తినడానికి పనికొస్తాయని వాటిని జపాన్ పరిశోధకులకు అప్పగించారు. అవి అక్కడితో ఆగలేదు. బివా సరస్సుతో సహా దేశమంతా పాకి స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ మింగాయి. 2005లో జపాన్ వాటిని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చింది. 2007లో చక్రవర్తి హోదాలో అకిహితో ఆ సంగతి మీద బహిరంగంగా విచారం తెలిపారు. ఆయన గోబీ చేపల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త కూడా. చేపలు తెలిసిన మనిషి చేతి మీదుగానే అంత పని జరిగింది.

మన దేశంలో అదే కథ తిలాపియాది. ఆఫ్రికా నుంచి బయలుదేరిన మొజాంబిక్ తిలాపియా 1952లో భారత్‌లో అడుగుపెట్టింది. ఇప్పుడు అది లేని చెరువు అరుదు. కొన్నిచోట్ల జిలేబీ చేప అంటారు. ఉప్పునీటినీ మంచినీటినీ ఒకేలా తట్టుకుంటుంది. మగది బ్లూగిల్ లాగే అడుగున గుంట చేసి కాపలా కాస్తుంది, ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. కిక్కిరిసిన నీళ్లలో పొట్టిగా ఉండగానే ఈడుకొచ్చి పిల్లల్ని కంటుంది. బ్లూగిల్ బుద్ధులన్నీ దానిలో ఉన్నాయి. వేట నేర్చుకోవడానికి మరో పరాయి చేప మనకెందుకు?

బ్రూక్షాబాద్ చుట్టూ ఏముంది?

దక్షిణ అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, కానీ వాగులు పొట్టివి, తొందరగా సముద్రంలో కలుస్తాయి. అసలైన మంచినీటి జాతులు తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు సముద్రం నుంచి ఎగబాకినవో, మనుషులు తెచ్చి వేసినవో. రైతుల కుంటల్లో కనిపించే రాగండి, బొచ్చె పెద్దనేల నుంచి వచ్చినవే. 1870లో ఫ్రాన్సిస్ డే ఈ ద్వీపాల చేపలను ఏరి జాబితా కట్టాడు, తర్వాత చాలామంది దాన్ని పెంచారు. 2004 డిసెంబరు 26 సునామీ రోజున దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి సిప్పీఘాట్‌లో వరిపొలాల మీదికి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. నాగళ్లు తిరిగిన నేల చేపలు తిరిగే మడుగయింది.

ఈ నీళ్లలో ఈక గాలానికి మొదటి అర్హత ఆర్చర్ చేపది. మడ కొమ్మల కింద తిరుగుతూ, ఆకు మీద కూర్చున్న పురుగును నోటితో నీటిధార చిమ్మి పడగొడుతుంది. పురుగు ఎక్కడ పడబోతోందో సెకనులో పదో వంతులోనే పసిగట్టి అటు తిరుగుతుందని 2002లో పరిశోధకులు చూపించారు. పైనుంచి పడ్డ పురుగును తినే చేప కనుక, స్పాంజితో చేసిన చీమను కొమ్మ కింద నెమ్మదిగా పడేస్తే చాలు. దీని చూపు బ్లూగిల్ కంటే చురుకు. లావు దారం, మొరటు ముడి ఉంటే దగ్గరికి రాదు. తర్వాత చెప్పుకోవలసింది ఆక్స్ ఐ టార్పన్. గాలి మింగి బతకగలదు కాబట్టి ప్రాణవాయువు తక్కువున్న మడ మడుగుల్లోనూ ఉంటుంది, గాలం తగలగానే నీటిపైకి ఎగురుతుంది. రాళ్ల దగ్గర చిన్న పారలు, గుల్లివిందలు, చారల సర్జెంట్ మేజర్లు. కుంటల్లో తిలాపియా.

అయితే ఈ మడుగులకు ఇంకో యజమాని ఉంది, ఉప్పునీటి మొసలి. 2010లో హేవ్‌లాక్ ద్వీపం దగ్గర ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి నోట పడ్డాక ప్రమాదం ఎంతటిదో అందరికీ తెలిసొచ్చింది. అమెరికా చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో దిగి విసరడం మామూలు. ఇక్కడ నీళ్లలో కాలు పెట్టకూడదు. పగటివేళ వంతెన మీంచో జెట్టీ మీంచో వేయాలి, చీకటి పడితే సర్దుకోవాలి. పగడాలు 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి కనుక నీరు తీసినప్పుడు వాటిమీద నడవడమూ తప్పే. 1983లో ఏర్పడిన వండూర్ మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో వేటకు చోటు లేదు.

ఎదుటివాళ్ల వాదన

ఆటకోసం చేపను హింసించడమేమిటన్నది మొదటి అభ్యంతరం. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేప మూతి మీద నొప్పిని పసిగట్టే నాడులను గుర్తించింది. అంతకు ముందే 2002లో జేమ్స్ రోజ్, చేప మెదడుకు మనం అనుభవించే నొప్పి తెలిసే భాగమే లేదని వాదించాడు. తగువు ఇంకా తెగలేదు. వదిలేయడానికే చేపను పట్టడాన్ని స్విట్జర్లాండ్ చట్టం ఒప్పుకోదు. వదిలిన చేపలన్నీ బతుకుతాయనీ లేదు. 2005లో వెలువడిన ఒక సమీక్ష 274 అంచనాలను కలిపి చూస్తే సగటున 18 శాతం చచ్చిపోయాయి. గొంతులోకి గాలం దిగినవే ఎక్కువ పోతాయి. పెదవికి తగిలే ఈక గాలం మేలు అక్కడుంది. కొక్కెం వెనకముల్లు నొక్కేసి, చేతులు తడిపి, నీటిలోనే విప్పితే చేపకు ఇంకా మంచిది.

రెండోది పొట్టకూటి ప్రశ్న. 1950ల నడిమి నుంచి ప్రభుత్వ పథకం కింద కొందరు, తర్వాత చుట్టరికాల దారిన మరెందరో ఆంధ్ర మత్స్యకారులు ఈ ద్వీపాలకు చేరారు. 2011 లెక్కల్లో ఇక్కడ తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 13 శాతం. జంగ్లీఘాట్ రేవులో తెల్లారి వినిపించే మాటల్లో శ్రీకాకుళం యాస ఉంటుంది. వలే జీవనంగా ఉన్న ఇంటికి, పట్టి వదిలేసే ఆట పిచ్చిపనిగా కనిపిస్తే తప్పు లేదు. పైగా చిన్న చేప అంటే చిన్నచూపు చూడవలసిన తిండి కాదు. ముల్లుతో సహా తినే చిన్న చేపల్లో కాల్షియం, ఎ విటమిన్ ఎంతుంటాయో బంగ్లాదేశ్‌లో నిరూపించిన శకుంతల తిల్‌స్టెడ్‌కు 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. కాబట్టి అమెరికన్ క్లబ్బుల్లా 'పట్టు, వదులు' అనే ఒక్క సూత్రాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. ఏ చేపను కూరకు తీయాలో, దేన్ని వదలాలో జాతినిబట్టి తేలాలి.

తేలేదేమిటి?

తిలాపియా ఈ నీళ్ల సొంత బిడ్డ కాదు, ఎంత తీసినా ఊడ్చలేం. పట్టినదంతా కూరకే, తిరిగి వదలడమే తప్పు. ఆర్చర్ చేప, టార్పన్ ఇక్కడివే. వాటిని కూరకు తీయడం కంటే వదలడం మేలు. గూడు కాస్తున్న పెద్ద చేప ఏ స్థానిక జాతిదైనా సరే, దాని జోలికి పోకూడదు. కుంటలో వేసిన రాగండి పిల్లలు రైతు సొమ్ము. అడగకుండా గాలం వేస్తే దొంగతనమే. కొత్త చేప పిల్లలను సరదాకు తెచ్చి వాగులో వదిలేవాణ్ణి మాత్రం ఊరు ఊరుకోకూడదు. ద్వీపంలో ఒక్క చేప తప్పించుకుంటే వెనక్కి తెచ్చే దారి ఉండదు.

సామాను విషయంలోనూ దేబిరించనక్కర్లేదు. తొమ్మిది అడుగుల వెదురు, దాని కొనకు రెండు నిలువుల తంగూసు, వెనకముల్లు నొక్కేసిన పదో నంబరు కొక్కెం, కోడి ఈక, చెప్పు అట్ట నుంచి కోసిన స్పాంజి. ఇంతటితో జపాన్ టెంకారా పద్ధతి బ్రూక్షాబాద్‌లో దిగుతుంది. ఈక కట్టడం ఒక ఆదివారం పొద్దున పిల్లలకు పట్టుబడుతుంది, దారం ఆపి విసరడానికి మాత్రం నెలలు పడుతుంది.

పెద్ద పార చేపల వేట బోట్లకు లైసెన్సులు, నిబంధనలు ఉండాలని అడిగేవాళ్లున్నారు, మంచిదే. కుంట గట్టున ఈక గాలం పట్టుకున్న పదేళ్ల పిల్లవాడికి ఏ శాఖా నిబంధన రాయదు. మినెసోటా అయితే ఏళ్ల తరబడి నష్టపోయి రాసుకోగలిగింది, ఎందుకంటే అక్కడ వేల సరస్సులున్నాయి, ఒకటి చెడితే ఇంకొకటి మిగిలింది. బ్రూక్షాబాద్‌కు ఉన్నవి నాలుగు కాలువలు, కొన్ని కుంటలు. ఇక్కడ లెక్క ముందే రాసిపెట్టుకోవాలి. ఏది కూరకు, ఏది నీటికి, ఎక్కడ దిగకూడదు: ఈ మూడు ముక్కలు పంచాయతీ గోడమీద తెలుగులో, తమిళంలో, హిందీలో, బెంగాలీలో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.